టెర్రానిగ్మా ఎట్ల ఆడాలె: ఏమొచ్చింది, ఏం పోయింది అని రాసుకుంట

ముందుగాల ఒక నోట్‌బుక్ తెచ్చుకోండ్రి. పిల్లలు బడికి కొనుక్కునే రూళ్ల నోట్‌బుక్ అయినా చాలు. పేజీ మధ్యలకెల్లి నిలువుగ ఒక గీత గీయుండ్రి, ఎడమ దిక్కు పైన "వచ్చింది" అని, కుడి దిక్కు "పోయింది" అని రాయుండ్రి. కంట్రోలర్ చేతిల పట్టుకునేకంటె ముందే ఈ పని చేయాలె. ఎందుకంటే నేను ఈ వీడియో గేమ్ ఫస్ట్ టైం ఆడినప్పుడు అందరి లెక్కనే బాస్‌ను కొట్టుడు, లెవెల్ పెంచుడు, ముందుకు ఉరుకుడు ఇదే చేసిన, ఆట అయిపోయింది, బాగుంది అనుకున్న గాని దాని లోపల ఏముందో నాకు అందలే. రెండోసారి ఇట్ల గీత గీసుకొని ఆడినంకనే తెలిసింది, ఈ ఆటల ఏదన్న ఒకటి పుట్టిన ప్రతిసారి ఇంకొకటి చేతికెల్లి జారిపోతనే ఉంటది, ఆ జారిపోయేదాన్ని మనం చూస్తలేం అంతే.

గేమ్ పేరు టెర్రానిగ్మా. జపాన్‌ల దీని అసలు పేరు టెంచి సోజో, అంటే భూమ్యాకాశాల సృష్టి అన్నట్టు. క్వింటెట్ అనే కంపెనీ తయారు చేసింది, జపాన్‌ల ఎనిక్స్ వాళ్లు 1995 అక్టోబర్‌ల సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ మెషిన్ మీద రిలీజ్ చేసిన్రు, యూరప్‌కు 1996ల వచ్చింది, అమెరికాల మాత్రం రిలీజ్ కానే లేదు. అందుకే దీనికి రావలసినంత పేరు రాలే అని నా బాధ. అదే క్వింటెట్ వాళ్లు 1990ల యాక్ట్‌రైజర్, 1992ల సోల్ బ్లేజర్, 1993ల ఇల్యూజన్ ఆఫ్ గయా చేసిన్రు, ఆ వరుస చూస్తే వాళ్లకు ఒకటే పట్టుదల కనపడ్తది, పాడైపోయిన లోకాన్ని మల్ల ఎట్ల నిలబెట్టాలె, నిలబెట్టినోడి గతి ఏమైతది అని. టెర్రానిగ్మాల ఆ పట్టుదల పండింది.

సామాను సంగతి చెప్త. మా పెద్దమ్మ కొడుకు జర్మనీల చదువుకునేటప్పుడు పాత సామాన్ల సంతల ఈ కార్ట్రిడ్జ్ కనపడ్డది అని కొని తెచ్చిండు. అంత దూరం నుంచి నల్లగొండకు వచ్చిన డబ్బాను ప్రేమతోని పెట్టి ఆన్ చేస్తే అంత జర్మన్! యూరప్‌ల ఇది ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ అని వేరే వేరే కార్ట్రిడ్జ్‌లుగ వచ్చింది, కాబట్టి కొనేముందు లేబుల్ మీద భాష చూసుకోండ్రి, ఈ గేమ్‌ల మాటలే ప్రాణం, మాటలు అర్థం కాకుంటే సగం ఆట పోయినట్టే. ఇంకోటి, యూరప్ కార్ట్రిడ్జ్‌కు యూరప్ మెషిన్ కావాలె, జపాన్‌ది గాని అమెరికాది గాని పని చేయది. మన పాత టీవీలు గూడ యూరప్ లెక్కనే పాల్ అనే సిగ్నల్ పద్ధతే కాబట్టి ఆ యూరప్ మెషిన్ మన దగ్గర మంచిగనే నడుస్తది.

బ్యాటరీ గురించి ఒక్క మాట, దీన్ని మాత్రం తేలికగ తీసుకోవద్దు. ఈ కార్ట్రిడ్జ్‌ల సేవ్ అంత లోపల ఉన్న ఒక చిన్న గుండ్రటి బ్యాటరీ మీదనే ఆధారపడి ఉంటది, సీఆర్2032 అంటరు, పాత కంప్యూటర్ మదర్‌బోర్డుల ఉండేది అదే. ముప్పై ఏండ్ల కిందటి సామాను కదా, అది ఎప్పుడు చచ్చిపోతదో తెల్వది. నాది మూడో చాప్టర్ సగంల ఉన్నప్పుడు పోయింది, పొద్దున లేచి ఆన్ చేస్తే సేవ్ ఫైల్ ఖాళీ. గుండె గుభేల్‌మన్నది. మల్ల మొదటికెల్లి మొదలువెట్టుడు తప్పలే. కాబట్టి ఆట మొదలుపెట్టక ముందే బ్యాటరీ మార్పియ్యుండ్రి, మధ్యల మారిస్తే ఉన్న సేవ్ గూడ పోతది. అది సాకెట్‌ల పెట్టింది కాదు, సోల్డరింగ్ చేసి అతికిచ్చింది, టీవీ రిపేర్ చేసే అన్న దగ్గరికి పోతే చేస్తడు, కాకపోతే పైన ఉండే స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కు రావు, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే బిట్ కావాలె, అది ఆన్‌లైన్‌ల తెప్పించుకొని చేతిల పట్టుకొనే పోండ్రి.

ఇగ ఆటలకు పోదాం. కథ మొదలయ్యేది క్రిస్టా అనే ఊర్ల, అది భూమి లోపల ఉంటది. మనం నిలబడే ఈ నేలకు కింద దిక్కున, లోపలి లోకంల. ఆ లోకంల ఉన్నది ఆ ఒక్క ఊరే. హీరో ఆర్క్, అల్లరి పిలగాడు, ఊరి పెద్ద ఇంట్ల పెరుగుతుంటడు, ఎల్ అనే పిల్ల అంటే ప్రాణం. ఊరి పెద్ద ఒక తలుపు తెరవద్దు అంటడు, అద్దన్నంక తెరవకుండ ఉంటడా, తెరుస్తడు, లోపల ఒక పెట్టె, ఆ పెట్టెల యోమీ అనే చిన్న జీవి, అది తెరిచినందుకు ఊరు ఊరంత గడ్డకట్టుకపోతది, ఎల్ గూడ. ఊరి పెద్ద ఒక్కడే మిగులుతడు.

ఇక్కడ నేను చెప్పేది ఏందంటే ఆ తలుపు దగ్గరికి ఉరుకవద్దు. పెట్టె తెరవక ముందే ఊర్ల ప్రతి ఇంటికి పోయి ప్రతి మనిషితోని మాట్లాడుండ్రి, ఒక్కసారి కాదు, రెండుసార్లు మాట్లాడుండ్రి. ఎవరు ఏ ఇంట్ల ఉన్నరు, ఏం పని చేస్తున్నరు, ఆర్క్‌ను ఏమని తిడుతున్నరు అన్ని నోట్‌బుక్‌ల "వచ్చింది" దిక్కు కాదు, పేజీ పైన వేరేగ రాసుకోండ్రి. ఆఖర్ల ఈ పేజీకి మల్ల రావాలె మీరు. అది ఎందుకో అక్కడికి వచ్చినంక చెప్త.

తర్వాత ఊరి పెద్ద ఆర్క్‌ను అయిదు గోపురాలకు పంపిస్తడు. ఒక్కో గోపురం గెలిస్తే పైలోకంల ఒక్కో ఖండం నీళ్లల్లకెల్లి లేస్తది, ఇక్కడ ఊర్ల కొంతమంది కరుగుతరు. చూడుండ్రి ఎంత చక్కగ పెట్టిన్రో, తన తప్పు దిద్దుకునే పనే లోకాన్ని పుట్టిచ్చే పని అయింది. ఒక గోపురం కాంగనే ఇంకో గోపురానికి పోకుండ మధ్యల ఊరికి వచ్చి ఎవరు లేచిన్రో చూసి పోండ్రి, మొత్తం ఓ పది నిమిషాలు ఎక్కువ పడ్తది అంతే.

కొట్లాట సంగతి తొందరగ చెప్పి పోత. ఇది టర్న్ వచ్చేదాక ఆగే ఆట కాదు, చేతిల బల్లెం పట్టుకొని అప్పటికప్పుడు కొట్టే యాక్షన్ ఆర్పీజీ, అంటే మన పాత్ర లెవెల్ పెంచుకుంట కథ నడిపే ఆట. నిలబడి పొడుచుడు, గబగబ పొడుచుడు, ఉరుక్కుంట పొడుచుడు, ఎగిరి పొడుచుడు, ఉరికి ఎగిరి తిరుగుకుంట కొట్టుడు, ఇవన్ని వేరే వేరే దెబ్బలు, ఒక్కో శత్రువుకు ఒక్కో తీరు దెబ్బ ఎక్కువ తగుల్తది, కాబట్టి కొత్త జీవి కనపడంగనే అన్ని రకాలుగ కొట్టి చూడుండ్రి. నయం చేసుకునేందుకు బల్బులు దొరుకుతయి, కరెంటు బల్బు కాదు, దుంప లెక్క ఉండే మందు, చేతిల ఎప్పుడు నిండుగ పెట్టుకోండ్రి. సామాను చూసుకునే మెనూ గూడ మామూలు లిస్టు కాదు, ఆ పెట్టె లోపలికే పోయి గదులు గదులు తిరిగి చూసుకోవాలె, మొదట ఆగమాగం అనిపిస్తది గాని రెండు గంటలల్ల అలవాటయితది. మ్యాజిక్ రింగుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ఈ ఆటల లెవెలే రాజు. మీ దెబ్బకు శత్రువుకు 1 మాత్రమే తగుల్తుంటే అది మీ చేతి తప్పు కాదు, లెవెల్ చాలక అట్లయితది, ఎన్కకు పోయి రెండు మూడు లెవెల్స్ పెంచుకొని రాండ్రి. ముఖ్యంగ మూడో చాప్టర్‌ల సిల్వెయిన్ కోటల బ్లడీ మేరీ అనే బాస్ ఉంటది, అక్కడ చానమంది ఆట వదిలేస్తరు, ఆడ నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్న, పోయి లెవెల్ పెంచుకొని వచ్చినంక పది నిమిషాలల్ల అయిపోయింది.

రెండో చాప్టర్ నాకు చాన ఇష్టం. ఆర్క్ పైలోకానికి వస్తడు. ఖండాలు లేచినయి గాని అంత బోడి, చెట్టు లేదు చేమ లేదు, పిట్ట లేదు, పురుగు లేదు. ఫస్ట్ పని "రా" అనే పేరున్న చెట్టు. అది ఒక పెద్ద మాను, దాని లోపలికి పోవాలె, లోపల దాన్ని తింటున్న పరాన్న జీవి ఉంటది, దాన్ని చంపితే చెట్టు బతుకుతది, చెట్టు బతికితే లోకం మీద పచ్చదనం అంత మల్ల వస్తది.

ఈ చోట మన దిక్కు మనుషులు జర ఆగి పాలమూరు పిల్లలమర్రిని తలుచుకోండ్రి. ఏడొందల ఏండ్ల మర్రి, మూడెకరాల జాగ ఆక్రమించిన చెట్టు, చిన్నప్పుడు బడి నుంచి తీసుకపోతే అసలు మాను ఏదో, నేలకు దిగిన ఊడ ఏదో మాకు తెలిసేది కాదు. దానికి చెదలు పట్టినయి. కొమ్మలు విరిగి పడుతుంటే చూసేటోళ్లను లోపలికి రానియ్యకుండ ఆపి, 2018ల ఆ చెట్టుకు సెలైన్ ఎక్కిచ్చిన్రు. అవును, దవాఖానల మనిషికి ఎక్కిచ్చినట్టే, చెదల మందు నీళ్లల్ల కలిపి, సీసాలు కొమ్మలకు వేలాడదీసి, సన్న పైపుల ద్వారా చుక్క చుక్క చెట్టు లోపలికి పంపిచ్చిన్రు, పడిపోయేటట్టు ఉన్న కొమ్మలకు కింద సిమెంటు దిమ్మెలు కట్టిన్రు. ఆ ఫోటోలు చూసిన రోజు నాకు యాదికి వచ్చింది రా చెట్టే. బయట నుంచి చూస్తే పచ్చగనే ఉన్నట్టు ఉంటది, రోగం లోపల ఉంటది, లోపలికి పోయి చేయాలె వైద్యం. జపాన్‌ల కూసొని 1995ల ఎవరో రాసుకున్న సీను మన పాలమూరుల నిజంగ నడిచింది అనిపిచ్చి, ఆ తర్వాత ఆ చాప్టర్ ఎప్పుడు ఆడినా ఆ సెలైన్ సీసాలే కండ్ల ముంగట తిరుగుతయి.

రా చెట్టు లోపల ఉన్నప్పుడు చేయాల్సింది ఒకటుంది, మొక్కలు మాట్లాడుతయి, వాటితోని మాట్లాడుండ్రి. ఆర్క్‌కు చెట్ల మాటలు అర్థమయితయి, పిట్టలయి, జంతువులయి గూడ. వాటి మాటలు ఒకటి రెండు ముక్కలు నోట్‌బుక్‌ల దించుకోండ్రి, అచ్చం అట్లనే.

దాని తర్వాత గ్రెక్లిఫ్‌ల పిట్టలు వస్తయి, ఆ తర్వాత జంతువులు. సఫారియంల లీమ్ అనే సింహం కూన ఉంటది, సింహాల రాజు కొడుకు గాని ధైర్యం లేదు, వాని కథ చిన్నదే, నడుచుకుంట పోయినా మనసుకు తగుల్తది. వీటిని తొందరగ దాటిన అనుకోవద్దు, ఆడేటప్పుడు మెల్లగ ఆడుండ్రి, చెప్పుడు మాత్రం ఇక్కడ అవసరం లేదు.

ఎందుకంటే నేను చెప్పాలె అనుకున్నది ఎక్లెమాటా గురించి. మంచు కొండలు. మంచు పెళ్లలు విరిగి పడి ఆర్క్ ఒక గుహల ఇరుక్కపోతడు, తోడుగ ఒక ఆడ మేక. దాని మొగుడు మేక ఆ మంచులనే చచ్చిపోయింది. బయటికి దారి లేదు, తిననీకె ఏం లేదు, ఆకలికి సోయి తప్పుతున్నరు. అప్పుడు ఆ మేక చచ్చిపోయిన తన మొగుని మాంసం తిని బతుకుదాం అంటది. ఇద్దరు తింటరు. అంతే సీను. పెద్ద మ్యూజిక్ లేదు, ఏడ్పు లేదు.

మా తాతకు మేకలుండె. దామరచర్ల దిక్కు, ఓ నలభై దాక. ఈన్నాక పిల్ల చచ్చిపోతే తల్లి మేక రెండు మూడు రోజులు ఆ జాగకే పోయి నిలబడి అరిచేది, తాత దాన్ని మెడ పట్టి ఎన్కకు తెచ్చి, అదే పొద్దు ఇంకో మేకను కోయనీకె ఇచ్చేటోడు, ఆయన మొఖంల ఏముండెనో నాకు చిన్నప్పుడు అర్థం కాలే. మేకను సాదుడు, మేకను ప్రేమించుడు, మేకను తినుడు ఒకే ఇంట్ల ఒకే మనిషి చేస్తడు. ఆ గుహల సీను ఆడినప్పుడు నేను కంట్రోలర్ పక్కన పెట్టి కొంచెం సేపు ఊకెనే కూసున్న. మీరు గూడ కూసోండ్రి. బటన్ నొక్కి ముందుకు పోవద్దు. "వచ్చింది" దిక్కు ఏం రాయాలె, ఆర్క్ పానం. "పోయింది" దిక్కు ఏం రాయాలె, అది మీరే ఆలోచించి రాయుండ్రి, నేనైతే మూడు పంక్తులు రాసిన.

ఎక్లెమాటా తర్వాత మనుషులు పుడతరు. సంబురమే. కాని ఆర్క్ లాసా అనే ఊర్ల కండ్లు తెరిచినంక, దారిల ఏ జంతువు కనపడ్డా, ఏ మొక్క కనపడ్డా దగ్గరికి పోయి మాట్లాడి చూడుండ్రి. మాట్లాడవు. అరుపు మాత్రమే వినపడ్తది. మనుషుల మాట వచ్చింది, మిగిలిన అందరి మాట పోయింది. ఇది ఆటల ఎక్కడ గట్టిగ చెప్పరు, మీరే పోయి వాటి ముంగట నిలబడి బటన్ నొక్కితేనే తెలుస్తది, అందుకే చానమందికి ఇది కనపడకుండనే పోతది. పైన దించుకోమన్న మొక్కల మాటలు ఇప్పుడు తీసి చదువుకోండ్రి. ఆ నోట్‌బుక్ ఎందుకు పెట్టుకోమన్ననో ఇక్కడ తెలుస్తది.

మూడో చాప్టర్ పెద్దది, ఊర్లు, రాజులు, పట్నాలు. దీంట్ల లౌరాన్ అనే ఎడారి ఊరు వస్తది. చూస్తే నిండు ఊరు, మనుషులు, అంగళ్లు, పిల్లలు. నిజానికి ఆ ఊరు ఎప్పుడో పాడైపోయింది, మెయిలిన్ అనే పిల్ల తన మాయతోని దాన్ని బతికున్నట్టు నిలబెట్టుకున్నది, ఎందుకంటే తనవాళ్లు లేరనే సంగతి తను ఒప్పుకోలేదు. ఈ ఊర్ల గూడ ముందు అందరితోని మాట్లాడి, మాయ తొలిగినంక అదే జాగలకు మల్ల పోయి నిలబడుండ్రి. నాకు ఇక్కడ నాగార్జునకొండ యాదికొచ్చింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది, 1955 డిసెంబర్‌ల సాగర్ డ్యామ్‌కు పునాది రాయి పడ్డది, నీళ్లు వచ్చేలోపల తవ్వకాలు చేసి, దొరికిన కట్టడాలల్ల కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపు దగ్గరికి తీసుకపోయి మల్ల కట్టిన్రు, లోయ మునిగి కొండ దీవి అయింది. ఆ నీళ్లతోనే మా నల్లగొండల వరి పండింది, మిర్యాలగూడల రైస్ మిల్లులు వచ్చినయి, మేం అన్నం తిన్నం. లాంచీల పోయేటప్పుడు మా నాయన నీళ్ల దిక్కు చెయ్యి చూపెట్టి "ఇగో ఈ కింద ఊర్లున్నయి బిడ్డా" అన్నడు. అటు అలంపురం దిక్కు పోతే కూడవెల్లి సంగమేశ్వరం గుడి ఉన్నది, శ్రీశైలం ప్రాజెక్టుల మునుగుతదని రాయి రాయి విప్పి తీసుకొచ్చి అలంపురంల మల్ల పేర్చిన్రు. అట్ల మల్ల పుట్టిన గుడి ముంగట నిలబడ్డోడికి లౌరాన్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు.

పట్నాలు పెంచుడు ఈ చాప్టర్‌ల ఇష్టం ఉంటేనే చేసే పని, కథకు అడ్డం రాదు, కాని చేయుండ్రి. ఒక ఊర్ల మనిషి చెప్పిన ముచ్చట ఇంకో ఊర్ల మనిషికి చేరవేయాలె, ఒకరి సామాను ఇంకొకరికి ఇయ్యాలె, అట్ల చేస్తుంటే ఊరు పట్నమయితది, కొత్త కొత్త మిషన్లు కనిపెట్టేటోళ్లు వస్తరు, ప్రయాణాలు సులువయితయి. ఇవి కథ ముందుకు పోయినకొద్ది కొన్ని చేయరాకుండ అయితయి, కాబట్టి కొత్త ఊరు తాకినప్పుడల్ల పాత ఊర్లకు ఒక చుట్టు తిరిగి రాండ్రి. పట్నం పెరిగిన ప్రతిసారి నోట్‌బుక్ తెరిచి, ముందు అక్కడ ఏముండెనో, ఇప్పుడు ఏం లేదో రాయుండ్రి. హైదరాబాద్ రోడ్డు మీద మన ఊర్లు ఎట్ల మారినయో చూసినోళ్లం మనం, ఆ కుడి దిక్కు కాలం నింపుడు మనకు కష్టం కాదు.

ఈ చాప్టర్ ఆఖర్ల బెరూగా అనే సైంటిస్టు వస్తడు, ఆయన్ను నిద్ర లేపేది గూడ ఆర్కే. ఈయన లెక్క ఏందంటే ఒక వైరస్ వదిలి మనుషులను చంపి, తను ఎంచుకున్నోళ్లను మాత్రం చావు లేని మనుషులుగ ఉంచాలె. చావు లేని మనుషులు అంటే వినడానికి మంచిగ ఉంటది, చూస్తే నడిచే పీనుగులు. నా లెక్కల మొత్తం ఆటకు గుండెకాయ ఇక్కడున్నది. ఇప్పటిదాక వచ్చిన ప్రతి పుట్టుకకు ఒక పోవుడు ఉండె, బెరూగా ఒక్కడే పోవుడు లేని పుట్టుక కావాలె అంటడు. మీ నోట్‌బుక్‌ల అప్పటిదాక రాసుకున్నది అంత ఒకసారి చదువుకొని, అప్పుడు బెరూగా మాటలు వినుండ్రి, ఎందుకు ఒంట్లకెల్లి చలి పుడుతదో తెలుస్తది.

మొత్తం ఆటకు ఇరవై గంటల పైన పడ్తది. పిల్లలు, డ్యూటీలు, అంత టైం లేదు అనేటోళ్లు యాక్ట్‌రైజర్ తోని మొదలువెట్టుండ్రి, దాన్ని 2021ల రినేసాన్స్ అని కొత్తగ చేసి కంప్యూటర్, ఫోన్, స్విచ్ అన్నిటి మీద అమ్ముతున్నరు, కొనుక్కోవడం సులువు. దాంట్ల మనమే దేవుడు, రాక్షసులను కొట్టి నేల బాగు చేస్తే జనాలు ఇండ్లు కట్టుకుంటరు, మొక్కుతరు, ఆఖర్ల అన్ని మంచిగయినంక గుళ్లల్ల మొక్కేటోడు ఉండడు, మరిచిపోతరు. సోల్ బ్లేజర్‌ల అయితే రాజు బంగారం కోసం లోకంల ఉన్న ప్రాణాలన్ని ఒక దుష్ట శక్తికి అమ్ముకుంటడు, మనం ఒక్కో రాక్షసి గూటిని పగలగొడితే ఒక్కో మనిషి, ఒక్కో చెట్టు, ఒక్కో కుక్క తిరిగి వస్తది. మూడు ఆడితే వరుస తెలుస్తది, కాని ఒక్కటే ఆడాలె అంటే టెర్రానిగ్మానే.

ఇక్కడికెల్లి నాలుగో చాప్టర్, ఆఖరు గూడ చెప్తున్న. ఆడనోళ్లు ఈడ ఆపి, ఆడి వచ్చి చదువుకోండ్రి.

భూమికి రెండు శక్తులు, వెలుగు గయా, చీకటి గయా. ఆర్క్ చేసిన పనంత, ఖండాలు లేపుడు, చెట్లు, పిట్టలు, మనుషులు, ఆఖరుకు బెరూగాను లేపుడు గూడ, చీకటి దిక్కు లెక్క ప్రకారమే జరిగిందని ఇప్పుడు తెలుస్తది. తనను సాదిన ఊరి పెద్దే దాని ఎన్కాల ఉన్నడు. ఇది తెలిసినంక మొదటి చాప్టర్‌ల ఊరి పెద్ద మాటలు గుర్తు చేసుకోండ్రి, ప్రతి మాటకు ఇంకో అర్థం కనపడ్తది. ఆర్క్ చచ్చిపోతడు, పసిబిడ్డగ మల్ల పుడతడు. ఇంత లోకాన్ని పుట్టిచ్చినోడు, తను పుట్టాలంటే ముందు తను గూడ కుడి దిక్కు కాలంల పడాలె. ఈ సీను అప్పుడు మీ నోట్‌బుక్‌ల రెండు దిక్కుల ఒకే పేరు రాయాల్సి వస్తది, మొత్తం పుస్తకంల అట్ల రాసేది అక్కడొక్కచోటే.

చీకటి గయాను ఓడగొట్టినంక ఆర్క్‌కు ఒక్క పొద్దు ఇస్తరు. చీకటి గయా పోతే తను పుట్టిన లోపలి లోకం ఉండది, క్రిస్టా ఉండది, తను గూడ ఉండడు. ఆ ఒక్క పొద్దు ఊరికి పోయి గడపాలె. మొదట్ల పేజీ పైన రాసుకున్న ఇండ్ల లిస్టు ఇప్పుడు తీయుండ్రి. ఎవరు ఏ ఇంట్ల ఉండిన్రో ఆ వరుసనే ప్రతి ఇంటికి పోండ్రి, ప్రతి ఒక్కరితోని మాట్లాడుండ్రి. తొందరపడి మంచం ఎక్కవద్దు, మంచం ఎక్కితే అయిపోయినట్టే.

మా ఇంట్ల సద్దుల బతుకమ్మ నాడు మా అవ్వ తంగేడు పూలు, గునుగు పూలు వరుస వరుసగ పేర్చి, మధ్యల గుమ్మడి పువ్వు పెట్టి, పైన గౌరమ్మను పెట్టేది. గునుగు పూల కొసలకు రంగు అద్దేది, వేళ్లు నాలుగు దినాల దాక ఎర్రగనే ఉండేటియి. అంత కష్టపడి పేర్చింది పొద్దుగూకినంక చెరువు గట్టుకు తీసుకపోయి నీళ్లల్ల వదిలేటప్పుడు, ఆమె ఒక్క క్షణం తాంబాళం చెయ్యికెల్లి ఇడువకుండ పట్టుకొని ఉండేది. ఆ తర్వాత "పోయి రావమ్మా" అని ఇడిచేది. క్రిస్టాల ఆఖరి ఇంటికెల్లి బయటికి వచ్చి, ఆర్క్‌ను మంచం దిక్కు నడిపిచ్చేటప్పుడు నా వేలు బటన్ మీద అట్లనే ఆగింది.

ఆర్క్ పండుకుంటడు, కలల పిట్ట అయితడు, తను లేపిన లోకం మీదికెల్లి ఎగురుతడు. పేర్లు పడుతయి. పేర్లు పడుతున్నయి కదా అని స్విచ్ ఆపవద్దు, కూసోండ్రి. అంత అయినంక ఇంకో చిన్న సీను ఉన్నది, పైలోకంల గూడ ఎల్ అనే ఇంకో పిల్ల ఉన్నది, ఆ పైలోకం ఎల్ ఇంట్ల ఉంటది, తలుపు చప్పుడు అయితది. ఎవరో చూపెట్టరు. దాన్ని ఎడమ దిక్కు రాయాల్నా కుడి దిక్కు రాయాల్నా అని నేను చానసేపు పెన్ను పట్టుకొని కూసొని, ఆఖరికి మధ్యల ఉన్న గీత మీదనే రాసిన.